దౌలత్‌బీ వాళ్ల అక్క కొడుకు

వరుసలో నిలబడటమంటే నాకు ఒళ్లు మంట. రేషను షాపు కానీ, రైలు టిక్కెట్ల కిటికీ కానీ, ముందున్న మనిషి వీపు చూస్తూ పది నిమిషాలు నిలబడితే చాలు, ఆ వీపు మీద కారణం లేకుండా పగ పుట్టుకొస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంటుంది మా ఆవిడ. కాదు. ఇది నాకు హిందూపురంలో, పదిహేడో ఏట, సత్రం ఆసుపత్రి వరండాలో అంటుకున్న జబ్బు.

పూర్వం అది బాటసారుల సత్రం. బెల్లం వర్తకులు కొందరు కలిసి దాన్ని ధర్మాసుపత్రిగా మార్చారు. ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఆరు మంచాలు. ఇప్పుడా కట్టడమూ లేదు, ఆ వర్తకులూ లేరు. నేను చెప్పబోయేది వాళ్ల గురించి కాదు, ఆ గేటు పక్కన గోనెపట్ట పరుచుకుని ఖాళీ సీసాలు అమ్మిన దౌలత్‌బీ గురించి.

1976లో రొద్దం అవతల ఒక పల్లె నుంచి ఇంటర్మీడియట్ చదవడానికి హిందూపురం వచ్చాను. మేళాపురంలో ముగ్గురం కలిసి ఒక గది తీసుకున్నాం. బయలుదేరే ముందు మా నాయన ఒకే మాట చెప్పాడు. "రెండేండ్లు సదువుకో. ఒక్క పరీచ్చ తప్పినా పుస్తకాలు మూటగట్టుకోని వచ్చి మడక పట్టుకో." మడకంటే మా వైపు నాగలి. మా నాయన మాట మీద నిలబడే మనిషి. అది ఆయనలో మంచి గుణమని ఊరంతా అనేది. నాకు మాత్రం ఆ గుణం తలుచుకుంటే నిద్ర పట్టేది కాదు.

నవంబరులో జ్వరం వచ్చింది. మా పల్లెలో జ్వరమొస్తే మంచంలో పడుకోవడమే మన పని. మిగతాదంతా మా అవ్వ శొంఠి కషాయమూ, సైకిలు మీద వచ్చే డాక్టరూ చూసుకునేవాళ్లు. జ్వరం వచ్చినవాడే లేచి వెళ్లి డాక్టరును వెతుక్కోవాలని హిందూపురంలోనే తెలిసింది. పొద్దున ఏడింటికి సత్రం ఆసుపత్రికి వెళ్లి వరుసలో నిలబడ్డాను. రెండు గంటల తరువాత డాక్టరు నా చెయ్యి పట్టుకుని, నాలుక చూసి, చీటీ రాశాడు. హమ్మయ్య అనుకునేలోగా మందుల కిటికీ ముందు ఇంకో వరుస ఉందన్నారు. ఇంకో గంట. కిటికీలో కాంపౌండరు తిమ్మప్ప చీటీ అందుకుని చెయ్యి చాపాడు.

"సీసా యాడ?"

"ఏం సీసా సార్?"

"మందు యాడ పొయ్యల్లప్పా, నీ దోసిట్లోనా?"

ఆ రోజుల్లో మందు పెద్ద జాడీల్లో ఉండేది. ఎరుపుది, తెలుపుది, ఏ రంగో చెప్పలేనిది. సీసా ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. తిమ్మప్ప అందులో మందు పోసి, కాగితం ముక్కకు కత్తెరతో గాట్లు పెట్టి సీసాకు అంటించేవాడు. పూటకు ఒక గాటు తాగాలి. ఇది ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. గదికి పోయి చెంబు తెస్తానన్నాను. చెంబుకు కాగితం అంటించి ఏం లాభమన్నాడు. జ్వరంతోనే రోడ్డు దాటి, సోడా కొట్టువాణ్ని బతిమాలి ఒక గోలీసోడా సీసా తెచ్చాను.

తిమ్మప్ప ఆ సీసాను వెలుతురుకు పెట్టి, అటూ ఇటూ తిప్పి, లోపల గోలీ దొర్లుతున్న చప్పుడు విన్నాడు. "దీనికి బిరడా యాడ పెడతావప్పా?" అన్నాడు. వరుస మొత్తం నవ్వింది. అందరికంటే గట్టిగా గేటు దగ్గర నుంచి ఒక ఆడమనిషి నవ్వింది.

ఆమే దౌలత్‌బీ. వయసు యాభై ఐదు దాటి ఉంటుంది. గోరింటాకు పెట్టి ఎర్రబారిన జుట్టు, పైన రెండు పళ్లు, కింద మూడు. ఆమె ముందు కడిగి బోర్లించిన సీసాలు. తలనూనె సీసాలు, పిల్లల గ్రైప్‌వాటర్ సీసాలు, వెనక వరుసలో బ్రాందీ సీసాలు. పేచీ పెట్టకుండా కొన్నవాళ్లకు తలనూనె సీసా, పేచీ పెట్టినవాళ్లకు బ్రాందీ సీసా. ఎంత పెద్దమనిషైనా ఆ బ్రాందీ సీసాలో ఎర్రమందు పోయించుకుని, అది చేత్తో పట్టుకుని బజారు మధ్య నడిచి ఇంటికి పోవలసిందే.

నాకు మంచి సీసా ఇచ్చింది. ఇస్తూ నా చెయ్యి తాకి, నవ్వు ఆపేసింది. "ఒళ్లు పెనం మాదిరి కాలతాండాది. ఎవరప్పా నీతోపాటు వచ్చినోళ్లు?"

"ఎవరూ లేరు."

ఆమె బిరడా ఒకటి ఏరి నా చేతిలో పెట్టింది.

ఇక్కడ ఆమె సంగతి కొంత చెప్పాలి. ఆమె భర్త ఫకీర్ సాబ్ ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు కట్లు కట్టాడు. ఆసుపత్రిలో పనిచేసేవాళ్ల ఇంటి మనుషులకు, బంధువులకు వరుస ఉండదు, నేరుగా లోపలికి పోవచ్చు. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ ఆనవాయితీ. ఫకీర్ సాబ్ పోయాడు. ఆనవాయితీ దౌలత్‌బీకి మిగిలింది. దాన్ని ఆమె దగ్గర నుంచి లాక్కునే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అయితే ఆ హక్కుతో ఆమెకు పనిలేదు. ఆమెకు జబ్బు చెయ్యదు. పిల్లలు లేరు. బంధువులంటే ధర్మవరంలో తోడబుట్టిన హసీనాబీ, ఆమె ఒక్కగానొక్క కొడుకు గౌస్‌సాబ్. అంతే.

చేతిలో ఉన్న హక్కును వాడకుండా ఊరికే ఉంచుకోవడం దౌలత్‌బీ వల్ల కాలేదు. పల్లెల నుంచి చదువుకోసం వచ్చి, అమ్మానాయన పక్కన లేకుండా, ఆ వరండాలో వణుక్కుంటూ నిలబడ్డ పిల్లవాడు ఎవడు కంటపడినా జబ్బ పట్టుకుని లోపలికి తీసుకుపోయేది. "మా అక్క కొడుకు గౌస్‌సాబ్. ధర్మవరం నుంచి వచ్చినాడు. రాయి తిమ్మప్పా." తిమ్మప్ప రాసేవాడు. ప్రతిసారీ గౌస్‌సాబే. ఎందుకంటే ఆమెకున్నది ఒక్కడే అక్క కొడుకు. వేరే పేరు చెబితే అబద్ధమవుతుందని ఆమె భయం.

ఇంకో సంగతి. హసీనాబీ ఆమెకు అక్క కాదు, చెల్లెలు. నేనొకసారి హసీనాబీని చూశాను. జుట్టంతా నలుపు, పళ్లన్నీ ఉన్నాయి. దౌలత్‌బీని ఆమె నోరారా ఆపా అని పిలిచేది, అంటే అక్కా అని. అయినా దౌలత్‌బీ "మా అక్క" అనే అనేది. గౌస్‌సాబ్ చేత కూడా చిన్నమ్మా అనే పిలిపించుకుంది. ఆ విషయంలో మాత్రం అబద్ధమనే భయం ఆమెకు లేదు.

రెండో రోజు పొద్దున వరుసలో నిలబడి ముందున్న వీపును ద్వేషిస్తూనే కింద పడ్డాను. కళ్లు తెరిచేసరికి డాక్టరు బల్ల మీద ఉన్నాను. తల దగ్గర దౌలత్‌బీ గొంతు. "మా అక్క కొడుకు సార్, గౌస్‌సాబ్."

టైఫాయిడ్ అన్నారు. మూల మంచంలో పంతొమ్మిది రోజులు పడుకున్నాను. తిమ్మప్ప గొట్టం మాత్రలు, అంటే క్యాప్సూళ్లు, ఇచ్చేవాడు, దౌలత్‌బీ గంజి తెచ్చేది. గౌస్ అని పిలిస్తే పలకడం రెండు రోజుల్లో అలవాటైంది. కష్టమంతా పక్క మంచంలోని కదిరి ముసలాయనతో వచ్చింది. గౌస్‌సాబ్ అనే పేరు విని సంబరపడి, పొద్దస్తమానం నాతో ఉర్దూలో మాట్లాడేవాడు. నాకు వచ్చింది ఒక్కటే మాట, "అచ్ఛా". ఆయన ఏం చెప్పినా అచ్ఛా అన్నాను. ఐదో రోజున ఆయన కళ్లనీళ్లు పెట్టుకుని నా తల నిమిరి వెళ్లిపోయాడు. వాళ్ల మనవరాలిని చేసుకోవడానికి నేను ఒప్పుకున్నానని తరువాత తెలిసింది. ఆ సంబంధం ఎలా తప్పించిందో దౌలత్‌బీ నాకు ఎప్పుడూ చెప్పలేదు.

"మీ నాయనకు జాబు రాపిస్తా" అని ఆమె రెండుసార్లు అంది. వద్దన్నాను. తెలిస్తే మా నాయన ఆ రోజే బండి కట్టుకుని వస్తాడు, తీసుకుపోతాడు, మళ్లీ పంపడు. అది చెబుతూ ఏడ్చాను. మా అమ్మ గుర్తొచ్చి ఇంకొంచెం ఏడ్చాను. దౌలత్‌బీ కొంగుతో నా మొహం తుడిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది. "ఏడవద్దు నాయనా. మా గౌస్ ఏడవడు. తిమ్మప్పకు అనుమానం వస్తాది."

బతికాను. కాలేజీకి పోయాను. ఫిబ్రవరిలో నోటీసు బోర్డు మీద హాజరు తక్కువైనవాళ్ల జాబితా వేశారు. అందులో నా పేరు మూడోది. జబ్బు చేసినట్టు డాక్టరు సర్టిఫికేట్, తేదీలతో సహా శుక్రవారంలోగా తెస్తేనే పరీక్ష. లేకపోతే లేదు. పరీక్ష లేకపోతే మడక. మా నాయన మొహం కళ్ల ముందు కనిపించింది.

సోమవారం నాడే ఆసుపత్రికి పరిగెత్తాను. పాత డాక్టరు వెళ్లిపోయి, తెనాలి వైపు నుంచి పరబ్రహ్మం అనే కొత్త డాక్టరు వచ్చి నెల రోజులైంది. నిక్కచ్చి మనిషి. రాగానే జాడీలు కడిగించాడు, రిజిస్టర్లన్నీ ఇంటికి తీసుకుపోయి చదివాడు. సంగతి చెప్పాను. ఆయన రిజిస్టరు తిరగేశాడు.

"నవంబరులో టైఫాయిడ్‌తో ఇక్కడ పడుకున్నది ఒక్కడేనయ్యా. గౌస్‌సాబ్, ధర్మవరం."

"ఆ గౌస్‌సాబ్ నేనే సార్."

"ఇందాక ఆదినారాయణ అన్నావు."

"అది కూడా నేనే సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ గౌస్‌సాబ్ కోసమే నేను నెల రోజులుగా చూస్తున్నాను. ఇరవై నెలల్లో యాభై మూడుసార్లు వచ్చాడు. మలేరియా, గజ్జి, కళ్లకలక, రెండు చోట్ల కుక్కకాటు, కుడిచెయ్యి విరగడం, అది మానకముందే మళ్లీ కుడిచెయ్యి విరగడం. ఆగస్టు పన్నెండున ఒకే పూట ముగ్గురు గౌస్‌సాబ్‌లు. వయసు అప్పుడూ పదిహేడే, ఇప్పుడూ పదిహేడే." రిజిస్టరు మూశాడు. "ఎవరు గౌస్‌సాబో, ఎవరు కాదో తేలేదాకా నేను దేని మీదా సంతకం పెట్టను. ఆ మనిషిని తీసుకొచ్చి నాకు చూపించండి."

బయటికి వచ్చి దౌలత్‌బీకి చెప్పాను. ఆమె కడుగుతున్న సీసా కింద పెట్టింది. "ఆ కాయితం ఎప్పటికి తెమ్మన్న్యారు?" అంది. శుక్రవారం అన్నాను. మర్నాడు గేటు పక్కన గోనెపట్ట లేదు. ఆమె ధర్మవరం రైలెక్కిందని సోడా కొట్టువాడు చెప్పాడు.

గురువారం పొద్దున గౌస్‌సాబ్ వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, పట్టుమగ్గం నేసే భుజాలు. గుమ్మంలో తల వంచి లోపలికి రావలసి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆసుపత్రి మెట్టు ఎక్కింది అదే మొదలు. ఎందుకు తెచ్చిందో దౌలత్‌బీ దారిలో అతనికి చెప్పినట్టు లేదు. పరబ్రహ్మం గారు రిజిస్టరు తెరిచి మొదటి నుంచి అడగడం మొదలుపెట్టారు.

"డెబ్భై ఐదు జూన్‌లో మలేరియా వచ్చిందా?"

"లేదు సార్."

"గజ్జి?"

"లేదు సార్."

"జూలైలో చెయ్యి విరిగిందా?"

గౌస్‌సాబ్ తన రెండు చేతులూ చూసుకున్నాడు. "లేదు సార్" అన్నాడు గానీ గొంతులో ధీమా తగ్గింది. కుక్కకాటు దగ్గరికి వచ్చేసరికి పిక్కలు తడుముకుంటున్నాడు. టైఫాయిడ్ దగ్గర అతని మొహమంతా చెమటలు పట్టాయి. "చిన్నమ్మా, ఇవన్నీ నాకు ఎప్పుడొచ్చినాయి? మా అమ్మకు తెల్సా?" అని అడిగాడు. డాక్టరు అతని ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి, వీపు మీద పెట్టి, నాలుక చూసి, ఇంత ఆరోగ్యంగా ఉన్న మనిషిని ఈ జిల్లాకు వచ్చాక చూడలేదన్నారు. గౌస్‌సాబ్ నమ్మలేదు. దేనికైనా మంచిది, కొంచెం ఎర్రమందు పొయ్యమని చేతులు జోడించాడు. తిమ్మప్ప పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డాడు.

వరండాలో వరుస మొత్తం తలుపు దగ్గరికి చేరింది. ఆ ఒక్కరోజు వరుసలో నిలబడటం ఎవరికీ విసుగు పుట్టించలేదు. పరబ్రహ్మం గారు నన్ను చూపించి దౌలత్‌బీని అడిగారు. "అమ్మా, ఈ అబ్బాయి మీకు ఏమవుతాడు? ఆలోచించుకుని చెప్పండి. అక్క కొడుకంటే గౌస్‌సాబ్ అలా నిలబడి ఉన్నాడు. ఏమీ కాడంటే, ఇన్నాళ్లూ మీరు బయటివాళ్లను లోపలికి తెచ్చినట్టు. ఇక మీదట మీకూ ఇంకెవరికీ వరుస తప్పించే పద్ధతి ఉండదు."

దౌలత్‌బీ నా వైపు చూసింది. ఆమె అక్క కొడుకే అని మొండికేస్తే ఆ హక్కు ఆమెకు ఉండేది. రిజిస్టరులో గౌస్‌సాబే ఉండిపోయేవాడు, నాకు మడక ఉండేది. నేను తల వంచుకున్నాను. ఆమె ఏం చెప్పాలో నాకు తెలుసు, అది వినడం నాకు ఇష్టం లేదు.

"ఈ పిల్లోడు నాకేం కాడు సార్" అంది. "రొద్దం కాడోడు. రెడ్ల పిల్లోడు. పేరు ఆదినారాయణ. జొరంతో ఆ రాళ్ల మింద పడిపాయ. నేనే గౌస్ అని చెప్పిన్యా. పంతొమ్మిది దినాలు ఆ మూల మంచంలో పండుకోన్యాడు. నా చేత్తో గంజి తాపిన్యా. నాకేం కాడు."

పరబ్రహ్మం గారు ఎర్రసిరా కలం తీసి రిజిస్టరులో గౌస్‌సాబ్ అన్నచోట కొట్టేసి ఆదినారాయణ అని రాశారు. సర్టిఫికేట్ రాసి ఇచ్చారు. తరువాత ఏమనుకున్నారో, "మిగతా యాభై రెండు ఎవరమ్మా?" అని అడిగారు, ఆమెకు తెలిసి ఉండదనే ధైర్యంతో.

దౌలత్‌బీ నేల మీద కూర్చుని మొదలుపెట్టింది. జూన్ మలేరియా మడకశిర పిల్లోడు, వాళ్లమ్మ లేదు. గజ్జి సోమందేపల్లి వాడు, హాస్టల్లో ఉంటాడు. మొదటి చెయ్యి గోరంట్ల వాడిది, రెండో చెయ్యి పరిగి వాడిది. ఆగస్టు పన్నెండున వచ్చిన ముగ్గురూ ఒకే గదివాళ్లు, చెడిపోయిన చిత్రాన్నం తిన్నారు. ఒక్కొక్కడి పేరు, ఊరు, ఏ మంచం, ఏ రంగు మందు. డాక్టరు రాస్తూ పోయారు. మధ్యలో ఒకసారి సిరా నింపుకున్నారు. వరుసలో ఉన్నవాళ్లు తమ నొప్పులు మరిచిపోయి విన్నారు. ముగిసేసరికి మధ్యాహ్నం దాటింది.

నేను సర్టిఫికేట్ పట్టుకుని కాలేజీకి పరిగెత్తాను. పరీక్ష రాశాను, థర్డు క్లాసులో పాసయ్యాను, మా నాయన మాట మీద నిలబడి నన్ను చదువుకోనిచ్చాడు. సత్రం ఆసుపత్రిలో ఆనవాయితీ పోయింది. వారం తరువాత వరండాలో, నిలబడలేని వాళ్లకోసం ఒక బల్ల వచ్చి పడింది. దానికి ఒక కాలు పొట్టి. దౌలత్‌బీ నన్ను చూసినప్పుడల్లా నవ్వేది, నేనూ నవ్వేవాణ్ని. కానీ ఆమె నన్ను గౌస్ అని మళ్లీ పిలవలేదు. ఆ లోటు నాకు చాలాకాలం ఉండిపోయింది. నా కోసమే అన్న మాటని తెలుసు. అయినా "నాకేం కాడు" అన్నది చెవిలో నుంచి పోయేది కాదు.

1986 నాటికి నేను పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తాను. అప్పటికి మందులు వాటి సీసాల్లోనే వస్తున్నాయి. ఖాళీ సీసాలు అడిగేవాళ్లు లేరు. దౌలత్‌బీని గౌస్‌సాబ్ ధర్మవరం తీసుకుపోయాడని విన్నాను. ఆఫీసు పని మీద ధర్మవరం పోయినప్పుడు వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మగ్గం పక్కన మంచంలో ఆమె ఆయాసపడుతోంది. నాలుగు రోజులుగా జ్వరమట. ఆసుపత్రికి తీసుకుపోలేదా అంటే గౌస్‌సాబ్ నేల చూపులు చూశాడు. హసీనాబీ అప్పుడే రిక్షా పిలుచుకొస్తోంది.

రిక్షాలో చోటు లేక హసీనాబీ ఇంట్లోనే ఉండిపోయింది. రిక్షా దిగి ఆసుపత్రి గేటు దాకా గౌస్‌సాబ్ దౌలత్‌బీని తన చేతుల మీద మోసుకొచ్చాడు. గేటు దగ్గర ఆగిపోయాడు. "అన్నా, నేను లోపలికి రాను. ఆ పొద్దు ఆ డాక్టరు చదివినవన్నీ ఇంగా నాకు కలలో వస్తాండాయి" అన్నాడు. ఆరడుగుల మనిషి కళ్లలో నీళ్లు. అతన్ని అక్కడే వదిలి, ఆమెను నేను లోపలికి తీసుకుపోయి బల్ల మీద పడుకోబెట్టాను. పెద్ద వరుస ఉంది.

"కలెక్టరని చెప్పు నాయనా, ముందర్నే పంపిస్తారు" అంది దౌలత్‌బీ, ఆయాసం మధ్యలోనే.

చెప్పలేదు. నిలబడ్డాను. గంటన్నర. ముందున్న వీపును ఆ రోజు ఏమీ అనుకోలేదు. కిటికీలో గుమాస్తా, ఆమెను చేర్చుకోవాలంటే దగ్గర బంధువు సంతకం కావాలని కాగితం తోశాడు. సంతకం పెట్టాను.

"పేషెంటు మీకేమైతాది?"

"మా చిన్నమ్మ."

అతను కాగితం మీద నా పేరు చూశాడు, ఆమె పేరు చూశాడు, తల వంచి బల్ల మీదున్న ఆమెను చూశాడు. "చిన్నమ్మేనా సార్? వయసు జూస్తే పెద్దమ్మ మాదిరి ఉండాది."

దౌలత్‌బీ కళ్లు తెరవలేదు. నా చొక్కా అంచు మాత్రం పట్టుకుంది.

"చిన్నమ్మేనప్పా" అంది. "వీళ్లమ్మ నాకంటే శానా పెద్దది. నా అక్క కొడుకు వీడు, రాయి."

మా అమ్మ ఆమె కంటే ఇరవై ఏళ్లు చిన్నది. గుమాస్తా చిన్నమ్మ అని రాసుకున్నాడు.